నాజీ నేరస్థుల కేసులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: యూదులను హత్యా శిబిరాలకు తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి ఐక్‌మన్‌ను పట్టుకున్నది, నాజీ నేరస్థుల ఆచూకీ వెతికిన సైమన్ వీసెంతాల్.

వాస్తవం: 1960 మే 11న బ్యూనస్ ఐరిస్‌లో అతన్ని పట్టుకున్నది ఇజ్రాయెల్ గూఢచారులు. వాళ్లకు ఆచూకీ ఇచ్చింది జర్మనీలోని హెస్సె రాష్ట్ర అటార్నీ జనరల్ ఫ్రిట్జ్ బావర్. ఆయనకు కబురు పంపింది అర్జెంటీనాలో స్థిరపడిన లోథార్ హెర్మన్, ఒకప్పుడు నాజీల డాఖావ్ నిర్బంధ శిబిరంలో మగ్గినవాడు. వీసెంతాల్ చేసిన మేలు వేరు, అదీ చిన్నది కాదు. 1947లో ఐక్‌మన్ భార్య తన భర్త చనిపోయినట్టు ప్రకటించమని ఆస్ట్రియాలో కోర్టుకెక్కింది. చావుకు సాక్ష్యం చెప్పినవాడు ఆమె తోబుట్టువు భర్తేనని వీసెంతాల్ బయటపెట్టారు. అర్జీ వీగిపోయింది. నెగ్గి ఉంటే గాలింపు జాబితాల్లోంచి ఐక్‌మన్ పేరు కొట్టేసేవారు. అందుకే నిందితుడు చనిపోయాడన్న కాగితం కనబడితే, దాని కింద సంతకం చేసిన సాక్షి ఎవరో ముందు చూడాలి.

అపోహ: ఇదంతా వెంటాడి పట్టుకునే సాహసం.

వాస్తవం: ఎక్కువ భాగం కాగితాల పని. ఒక్కో మనిషికి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, దళం, హోదా, ఏ తేదీల్లో ఎక్కడ ఉన్నాడు, చూసినవాళ్లెవరు అన్నవి కావాలి. పుట్టిన తేదీ లేకపోతే అదే పేరున్న మరొకరి మీద నేరం పడుతుంది. పేరులో తప్పు దొర్లితే దారే మూసుకుపోతుంది. నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కుటుంబాన్ని అరెస్టు చేసిన అధికారి పేరు 'సిల్వర్‌నాగెల్' అని చలామణీ అయినంతకాలం అతను దొరకలేదు. 1963లో వీసెంతాల్‌కు నాటి గెస్టపో (నాజీ రహస్య పోలీసులు) ఫోను డైరెక్టరీ నకలు అందింది. అందులో ఉన్నది 'సిల్బర్‌బాయర్'. ఆ మనిషి వియన్నా పోలీసు శాఖలోనే పనిచేస్తున్నాడు!

అపోహ: బాధితులు గుర్తుపడితే కేసు నిలబడుతుంది.

వాస్తవం: నాజీ శిబిరంలో కాపలాదారుగా పనిచేశాడని ఆరోపణ ఎదుర్కొన్న డెమ్యాన్యుక్ కేసు చదివినవాళ్లెవరూ ఆ మాట అనరు. ట్రెబ్లింకా హత్యా శిబిరంలో 'ఇవాన్ ది టెరిబుల్' అని పేరుపడ్డ క్రూరమైన కాపలాదారు అతనేనని బతికి బయటపడ్డవాళ్లు మనస్ఫూర్తిగా నమ్మి చెప్పారు. 1988లో ఇజ్రాయెల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత సోవియట్ ఫైళ్లు తెరిస్తే ఆ ఇవాన్ ఇంటిపేరు మార్చెంకో అని తేలింది. 1993లో సుప్రీంకోర్టు సందేహ లబ్ధి కింద విడుదల చేసింది. సాక్షులు అబద్ధమాడలేదు. వాళ్లకు చూపిన ఫోటోల్లో అతని బొమ్మే మిగతావాటికన్నా పెద్దగా, స్పష్టంగా ఉంది. ఫోటోలన్నీ ఒకే కొలతలో ఉండాలి. చూపకముందే ఆనవాళ్లు చెప్పించుకుని రాసుకోవాలి. 'కాదేమో' అన్న మాటనూ రికార్డు చేయాలి. 2011లో మ్యూనిక్ కోర్టు అతన్ని సోబిబోర్ హత్యా శిబిరం కాపలాదారుగా దోషి అని తేల్చినప్పుడు ఆధారం ప్రధానంగా పత్రాలే, ముఖ్యంగా కాపలాదారులకు శిక్షణ ఇచ్చిన ట్రావ్నికి శిబిరం గుర్తింపు కార్డు.

అపోహ: ఎప్పుడో కాలదోషం పట్టింది.

వాస్తవం: జర్మనీలో హత్యకు కాలపరిమితిని 1979లో ఎత్తేశారు. అంతకన్నా చిన్న నేరాలకే గడువు తీరిపోయింది. ఆష్‌విట్జ్ హత్యా శిబిరంలో లెక్కలు రాసిన గ్రోనింగ్‌కు 2015లో పడిన నాలుగేళ్ల శిక్షను 2016లో ఫెడరల్ కోర్టు ఖాయం చేసింది. స్వయంగా చంపినట్టు రుజువు కానక్కర్లేదని, హత్యాయంత్రాన్ని నడవనిచ్చిన ఉద్యోగమే సహకారమని దానితో స్థిరపడింది. హతుల పిల్లలు, తోబుట్టువులు ఇలాంటి కేసుల్లో సహ ఫిర్యాదీలుగా చేరవచ్చు, సొంత న్యాయవాదిని పెట్టుకోవచ్చు, నిందితుణ్ణి ప్రశ్నించవచ్చు.