కొండెక్కే విత్తనాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

న్యూ గినీ దీవి నడుమ ఎత్తైన పర్వతాలున్నాయి. మబ్బులోనూ వానలోనూ నానే ఆ అడవుల్లో ఎగరలేని పెద్ద పక్షి ఒకటి తిరుగుతుంది. దాన్ని మరుగుజ్జు కాసోవరీ అంటారు. పేరు చూసి చిన్నదనుకునేరు! నిలబడితే మీటరు ఎత్తుంటుంది, సుమారు 20 కిలోలు తూగుతుంది. దీని బంధువు దక్షిణ కాసోవరీ మనిషంత పెరుగుతుంది కాబట్టి దీనికి ఆ పేరొచ్చింది. నల్లటి ఈకలు, నీలం మెడ, నెత్తిన చదునైన కిరీటం, కాలి లోపలి వేలికి పొడవాటి వాడి గోరు.

అసలు మీకు చెప్పాలనుకున్నది దాని తిండి సంగతి. రాలిన పండ్లను అది ఏరుకుని గుటుక్కున మింగేస్తుంది. గుజ్జు అరిగిపోతుంది, గింజలు చెక్కుచెదరకుండా రెట్టలో బయటపడతాయి. ఆ రెట్టకుప్పలోనే మొలకలు లేస్తాయి. ఇప్పుడు ఏటవాలు కొండను ఊహించుకోండి. చెట్టు మీంచి పండు రాలితే ఎటు దొర్లుతుంది? కిందికే. వాన నీరూ కిందికే ఈడుస్తుంది. అలాగైతే ఆ చెట్టు సంతతి తరతరానికీ లోయలోకి దిగిపోవాలి కదా. కానీ కింద పండు తిన్న కాసోవరీ నడుచుకుంటూ పైకెక్కి అక్కడ రెట్ట వేస్తుంది. ఎగిరే పిట్టల నోట పట్టని పెద్ద గింజలకు పైకి వెళ్ళే దారి ఇదే. ఆండ్రూ మాక్ అనే శాస్త్రవేత్త ఆ దీవి తూర్పు సగంలో ఉన్న పాపువా న్యూ గినీ దేశపు అడవుల్లో, మన వేప కుటుంబానికే చెందిన అగ్లాయా చెట్టు గింజలు ఎక్కడెక్కడికి చేరుతున్నాయో ఓపిగ్గా వెతికారు. రెక్కలున్న పిట్టలకు చేతకాని పనిని ఈ కాసోవరీ కాలినడకన చేస్తోందంటే నాకు ఎంత ముచ్చటేస్తుందో!

దీని కూత మరీ మంద్రం, సుమారు 23 హెర్ట్జ్, అంటే సెకనుకు 23 కంపనాలు. మన చెవి పట్టుకోగల శబ్దాలకు అదే దాదాపు అడుగు. దట్టమైన అడవిలో అలాంటి శబ్దం చాలా దూరం పోతుంది.

ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. సుమారు 50 రోజులు పొదిగేదీ, చారల పిల్లల్ని నెలల తరబడి వెంట తిప్పుకునేదీ తండ్రే.

ఈ గుడ్ల గురించి 2021లో ఒక వింత బయటపడింది. న్యూ గినీ కొండ గుహల్లో దొరికిన పాత పెంకుల్ని శాస్త్రవేత్తలు పరీక్షించారు. 18,000 ఏళ్ళ కిందటే అక్కడివాళ్ళు పిల్లలు బయటికి రావడానికి సిద్ధంగా ఉన్న గుడ్లు ఏరి తెచ్చి, పిల్లల్ని పెంచి ఉండొచ్చని తేల్చారు. అవి ఈ మరుగుజ్జు కాసోవరీవే కావచ్చట. కోడిని మచ్చిక చేయడానికి వేల ఏళ్ళ ముందు మాట! పుట్టగానే కళ్ళెదుట కనబడినవారి వెంటే నడుస్తుంది గనుక పిల్లను పెంచడం తేలికే. పెద్దయ్యాక మాత్రం ఆ గోరుతో తన్నిందంటే ప్రాణం మీదికొస్తుంది.

మీ తాతయ్య