బండి మీద సోలార్: మా షెడ్డుకు వచ్చే అపోహలు, అసలు సంగతులు

అనంతపురంలో నాది బండ్ల వైరింగ్ షెడ్డు. లారీల లైట్లు, ట్రాక్టర్ల సెల్ఫ్‌లు బాగుచేస్తూ మొదలుపెట్టాను. కొన్నేళ్లుగా ఎక్కువగా చేస్తున్న పని బండ్ల టాప్ మీద సోలార్ బిగించడం. పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా మార్చుకున్న టెంపో ట్రావెలర్లు, క్యారవాన్లు, టిఫిన్ బండ్లు, ఊరూరా తిరిగే మెడికల్ వ్యాన్లు వస్తుంటాయి. వచ్చేవాళ్లలో సగంమంది అప్పటికే సామాను కొనేసి ఉంటారు. ఆ సామాను ఒకదానికొకటి పొసగదని చెప్పాల్సి వచ్చినప్పుడు నాకే మనసు కష్టంగా ఉంటుంది. అందుకే కొనకముందే తెలుసుకోవాల్సినవి రాస్తున్నాను.

అపోహ: మన ఎండకు కరెంటు రెట్టింపు వస్తుంది

"మన సీమ ఎండకు సోలార్ ప్లేట్లు మండిపోతాయన్నా, కరెంటుకేం కరువు?" అంటారు. ప్లేటుకు కావాల్సింది వెలుతురు. వేడి దానికి శత్రువు. 100 వాట్లని వెనకాల స్టిక్కర్ మీద రాసేది ప్లేటులోని సెల్ (కరెంటు పుట్టే చిన్న పలక) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఆ పైన పెరిగే ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం బండి టాప్ మీద సెల్ వేడి 65 డిగ్రీలకు చేరడం మామూలే. అంటే 25 మీద 40 డిగ్రీలు ఎక్కువ, అక్కడికే 14 శాతం పోయింది. 100 వాట్ల ప్లేటు 86 దగ్గర ఆగుతుంది. అదే ప్లేటు జనవరిలో, ఆకాశం తేటగా ఉండి చల్లగాలి వీచే రోజు, ఎండకు ఎదురుగా పెడితే స్టిక్కర్ అంకెకు దగ్గరగా వస్తుంది.

కర్నూలు దగ్గర గని, శకునాల అనే ఊళ్ల భూముల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అటు ఎన్‌పీ కుంటలో, గాలివీడులో కూడా పార్కులు వచ్చాయి. మన దగ్గర మబ్బులేని రోజులు ఎక్కువ, సాగుకు పనికిరాని నేల విరివిగా ఉంది. ఆ పార్కులు ఇక్కడికి వచ్చింది వాటిని చూసే గానీ వేడిని చూసి కాదు. పైగా ఆ పార్కుల్లో ప్లేటు కింద నుంచి గాలి ఆడుతుంది. బండి మీద ఆడదు, మనమే ఆడేలా చేయాలి.

దీనికి నేను చేసేది చిన్న పని. ప్లేటుకూ టాప్‌కూ మధ్య కనీసం ఒకటిన్నర అంగుళం సందు వదులుతాను. ముందు వైపు గాలి లోపలికి దూరేలా, వెనక వైపు బయటికి పోయేలా ఆ సందు తెరిచి ఉండాలి. ప్లేటు కింద నీడ పడుతుంది కాబట్టి బండి లోపల కూడా కొంత చల్లగా ఉంటుంది. ఈ రెండో లాభం మా దగ్గరికి వచ్చినవాళ్లకు వాడాకే తెలిసివస్తుంది.

అపోహ: వంగే ప్లేట్లు అంటిస్తే సరి, తేలిక, అందం

సన్నగా వంగే ప్లేట్లను గమ్ముతో నేరుగా టాప్‌కు అంటిస్తే అడుగున గాలికి చోటే ఉండదు. కింద రేకు వేడి, పైన ఎండ వేడి, మధ్యలో సెల్ నలుగుతుంది. పైన ఉండేది ప్లాస్టిక్ పొర, అద్దం కాదు. మన ఎండకు అది త్వరగా మసకబారుతుంది. బరువు మోయలేని ఫైబర్ టాప్ అయితే తప్ప నేను వాటిని బిగించను. అద్దం ప్లేటే మేలు.

అద్దం రాళ్లకు పగులుతుందని భయపడతారు. అది టఫెండ్ గ్లాసు. ప్రమాణాల పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచు గుండ్లను సెకనుకు 23 మీటర్ల వేగంతో దాని మీదికి కొట్టి చూస్తారు. వడగళ్లకు ఓర్చుకుంటుంది. చెట్టు కొమ్మ గట్టిగా తగిలితే మాత్రం పోతుంది.

అపోహ: ఇంటి మీద పెట్టే పెద్ద ప్లేటు చవక, అదే పెట్టేస్తే పోలా

చవకే, తప్పు లేదు. ఇబ్బందంతా ప్లేటుకూ బ్యాటరీకీ మధ్య ఉండి చార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్‌తో వస్తుంది. ఈ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

ఒక టిఫిన్ బండి ఆయన 335 వాట్ల ప్లేటు, 12 వోల్టుల బ్యాటరీ, మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ కొని, ఎక్కడో బిగించుకుని మా దగ్గరికి వచ్చాడు. సాయంత్రం లైట్లు రెండు గంటలకే ఆగిపోతున్నాయి, బ్యాటరీ మంచిది కాదేమో చూడమన్నాడు. ఎర్రటి మధ్యాహ్నం వైరులో కరెంటును కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూశాను. బ్యాటరీలోకి పోతున్నది 9 యాంపులకు కొంచెం తక్కువ. 13 వోల్టుల దగ్గర అది 115 వాట్లు. మిగతా 200 వాట్లకు పైగా ఎటు పోయినట్టు?

ఎటూ పోలేదు, అసలు పుట్టనే లేదు. ఆ ప్లేటు 37 వోల్టుల దగ్గర 9 యాంపులిచ్చేలా తయారైంది. పీడబ్ల్యూఎం అనేది ప్లేటును బ్యాటరీకి నేరుగా కలిపే స్విచ్చు లాంటిది. ప్లేటు వోల్టేజీని 13కు లాగేస్తుంది, యాంపులు మాత్రం ఆ తొమ్మిదే ఉంటాయి. ఎంపీపీటీ కంట్రోలర్ ప్లేటును దాని 37 వోల్టుల దగ్గరే ఉంచి, ఆ కరెంటును 13 వోల్టులకు దించి, యాంపులను పెంచి బ్యాటరీకి ఇస్తుంది. ఆయనకు కంట్రోలర్ ఒక్కటే మార్చాను. ప్లేటూ బ్యాటరీ అవే. మరుసటి వారం వచ్చి, రాత్రి బండి మూసేదాకా లైట్లు వెలుగుతున్నాయని చెప్పాడు.

12 వోల్టుల బ్యాటరీకని చేసే 36 సెల్‌ల చిన్న ప్లేటుకు పీడబ్ల్యూఎం ఫర్వాలేదు. అక్కడా నూటికి 28 వంతుల దాకా పోతుంది గానీ, చిన్న ఖర్చుతో చిన్న పని అయిపోతుంది. పెద్ద ప్లేటుకు ఎంపీపీటీ తప్పదు. కొనేటప్పుడు ప్లేటు వెనక రాసిన ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (దేనికీ కలపనప్పుడు ప్లేటు చూపే వోల్టేజీ) చూడండి. అది కంట్రోలర్ తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ కంటే తక్కువ ఉండాలి, కొంత వెసులుబాటు కూడా ఉండాలి. చలికాలం పొద్దున్నే ఆ వోల్టేజీ ఇంకా పెరుగుతుంది.

అపోహ: సోలార్ పెడితే రాత్రంతా ఏసీ వేసుకోవచ్చు

ఫోన్ చేసిన పదిమందిలో తొమ్మిదిమంది అడిగేది ఇదే. కాగితం మీద లెక్క వేద్దాం. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ ఎనిమిది గంటలకు సుమారు 5 యూనిట్లు తింటుంది. 540 వాట్ల ప్లేటు ఒక్కొక్కటి 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, బరువు 28 కేజీల దాకా ఉంటుంది. ఏసీ డబ్బాకూ గాలి కిటికీకీ చోటు వదిలితే ట్రావెలర్ టాప్ మీద పట్టేవి రెండే. ఆ రెండూ కలిసి మంచి రోజున 4 యూనిట్ల వరకు ఇస్తాయి. అందులోనే ఫ్రిజ్జు, లైట్లు, మోటారు పంపు, ఫోన్లు. పైగా ఆ 5 యూనిట్లను రాత్రి దాకా దాచాలంటే 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీలు ఐదు కావాలి. ఒక్కోదాంట్లో ఉండేది 1.28 యూనిట్లు, అందులో నిశ్చింతగా వాడుకోగలిగేది ఒక యూనిట్.

పడుకోబోయే ముందు ఒక గంట ఏసీ వేసి బండిని చల్లబరచి, తర్వాత తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను వేసుకుంటే, ఆ ఫ్యానుకు రాత్రంతటికీ పావు యూనిట్ చాలు. తెల్లవార్లూ ఏసీ కావాలంటే రాత్రి ఆగిన చోట కరెంటు ప్లగ్గు అడగండి. అందుకు బండి బయట సాకెట్ పెట్టిస్తాం.

ఇంకో సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉన్నా 10 నుంచి 20 వాట్లు తాగుతుంది. 24 గంటలు అలా వదిలేస్తే పావు నుంచి అర యూనిట్ పోయినట్టే. లైట్లు, ఫ్యాను, ఫోన్ చార్జర్లు 12 వోల్టుల మీదే నడిచేలా వైరింగ్ చేయించుకుని, మిక్సీ తిప్పేటప్పుడే ఇన్వర్టర్ వేయండి.

అపోహ: ప్లేటు కొంచెం నీడలో ఉంటే కొంచెమే తగ్గుతుంది

ప్లేటులో సెల్‌లు దండలో పూలలా వరసగా గుచ్చి ఉంటాయి. ఒక్క సెల్ నీడలో పడితే ఆ వరస మొత్తం దాని దగ్గర ఆగుతుంది. నీడపడ్డ భాగాన్ని వదిలి కరెంటును పక్కదారిలో పంపే బైపాస్ డయోడ్లు ఉంటాయి కాబట్టి మొత్తం పోదు. 36 సెల్‌ల ప్లేటులో మామూలుగా రెండు డయోడ్లుంటాయి. అరచేయంత నీడకు సగం ప్లేటు పోతుంది. క్యారియర్ కమ్మీ, ఏసీ డబ్బా, యాంటెన్నా నీడలు ఉదయం సాయంత్రం ఎంత దూరం పాకుతాయో చూసి ప్లేటు చోటు నిర్ణయించాలి. బిగించే ముందు రోజు బండిని ఎండలో నిలబెట్టి, పదింటికీ ఒంటిగంటకూ నాలుగింటికీ టాప్ మీద నీడల అంచులకు చాక్‌పీసుతో గీత గీస్తాను.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద రెండు రోజులు బండి పెట్టుకుని, సోలార్ చెడిపోయిందని ఒక కుటుంబం నాకు ఫోన్ చేసింది. చెట్టు కింద వాళ్లకు హాయిగా ఉంది, ప్లేటుకు మాత్రం వెలుతురే లేదు. చెట్టు నీడ వదులుకోలేమనుకునేవాళ్లు ఒక ప్లేటు విడిగా ఉంచుకుని, పది మీటర్ల వైరుతో ఎండలో పరచుకోండి.

మబ్బు పట్టినా ఎంతో కొంత వస్తుంది. బండి కదులుతున్నా వస్తుంది. వెన్నెల్లో రాదు.

అపోహ: దక్షిణానికి వంచి పెట్టకపోతే దండగ

ఇంటికి ఆ మాట నిజం. బండి రోజుకో వైపు తిరిగి నిలబడుతుంది. మనం ఉన్నది 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ ఆఖరులోనూ ఆగస్టు మధ్యలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. చదునుగా పెట్టిన ప్లేటుకు ఏడాది మొత్తం మీద తగ్గేది కొద్దిపాటే. డిసెంబరు మధ్యాహ్నం మాత్రం అయిదో వంతు తగ్గుతుంది. దానికోసం ఎత్తిపెట్టే స్టాండ్లు నేను పెట్టను, దించడం మరిచి బండి కదిలిస్తే ప్రమాదం. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకు 47 కేజీల ఒత్తిడి. అంత పెద్ద ప్లేటును అది ఎలా లాగుతుందో ఊహించుకోండి. నేషనల్ హైవే 44 మీద మన వేగానికి జూన్, జూలైల ఎదురుగాలి కూడా తోడవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే.

బిగింపులో బాత్‌రూమ్ సిలికాన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. బండ్లకు వాడే పాలీయూరిథేన్ సీలెంట్, దానితోపాటు బోల్టులు, బోల్టు కింద వెడల్పు వాషరు. బెజ్జం వేస్తే వాన నీళ్లు కారతాయని భయపడతారు గానీ, సీలెంట్ నింపి బిగించిన బెజ్జం కారదు. బెజ్జం అంచుకు ప్రైమరు పూయకపోతే మాత్రం తుప్పు పడుతుంది.

అపోహ: ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉందిగా, అది వాడేద్దాం

మంచం కింద ట్యూబులర్ బ్యాటరీ (ఇంటి ఇన్వర్టర్‌కు వాడే యాసిడ్ బ్యాటరీ) పెట్టి, కిటికీలు మూసుకుని పడుకున్న కుటుంబాన్ని చూశాను. చార్జింగ్‌లో అది హైడ్రోజన్ వదులుతుంది. నిప్పురవ్వ చాలు. గతుకుల్లో యాసిడ్ చిందుతుంది. పైగా 150 యాంపియర్ అవర్‌ది 50 కేజీల పైనే ఉంటుంది, సగం వరకే వాడాలి. డబ్బులేక అదే వాడాలంటే మూత ఉన్న పెట్టెలో పెట్టి, పైనుంచి బయటికి గొట్టం వేయించండి. ఈ ఒక్క విషయంలో నేను బేరానికి ఒప్పుకోను.

లిథియంలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం తీసుకోండి. అది నిలకడైనది. అయినా వేడి దాని ఆయుష్షును తింటుంది. తలుపులు మూసి ఎండలో నిలిపిన బండిలో 50 డిగ్రీలు దాటుతుంది కాబట్టి బ్యాటరీని నేల మీద, ఇంజనుకూ సైలెన్సర్‌కూ దూరంగా పెట్టాలి. ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వైరు లాగి లిథియంకు ఇవ్వొద్దు, అది లాగే కరెంటుకు ఆల్టర్నేటర్ కాలిపోతుంది. మధ్యలో ఆ కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. 30 యాంపుల చార్జర్‌తో మూడు గంటలు ప్రయాణిస్తే ఒక యూనిట్‌కు పైనే నిండుతుంది. గండికోటకు పోయి రాత్రి దిగేసరికి బ్యాటరీ సిద్ధంగా ఉంటుంది.

అపోహ: వైరు ఏదైనా ఒకటే

12 వోల్టుల దగ్గర 1000 వాట్లంటే 80, 90 యాంపులు. ఇంటి వైరు దానికి చాలదు, ఇన్వర్టర్‌కు కనీసం 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తాను. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలో ఉండాలి. ఇంటి కరెంటుకు (ఏసీ) చేసిన ఎంసీబీని, అంటే కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చును, బ్యాటరీ కరెంటుకు (డీసీ) వాడొద్దు. డీసీలో పుట్టే నిప్పు సాగుతూనే ఉంటుంది, ఆ ఎంసీబీ దాన్ని ఆర్పలేదు.

అపోహ: వాన పడితే ప్లేటు అదే శుభ్రమవుతుంది

మన జిల్లాలో వాన కోసం చూస్తే నెలలు గడుస్తాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర బండి ఆపితే దుమ్ము మీద మంచు పడి గట్టిపడుతుంది, తర్వాత గోకినా రాదు. రెండు మూడు రోజులకోసారి తుడవండి, తెల్లవారుజామున, మెత్తటి గుడ్డతో. బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. ఫిల్టర్ నీళ్లు రెండు లీటర్లు చాలు. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోయకండి.

అపోహ: సబ్సిడీ వస్తుంది, పర్మిషన్ అక్కర్లేదు

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు ఇచ్చే సాయం ఇళ్లకు, అదీ గ్రిడ్‌కు, అంటే కరెంటు లైనుకు, కలిపే ప్లేట్లకు. బండికి రాదు. ఇక 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. ఎత్తు, బరువు మారేలా పని చేయించే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి తెలియజేయండి.

బిగించాక మొదటి ప్రయాణం నుంచి రాగానే బండిని ఒకసారి తీసుకురమ్మంటాను. శ్రీశైలం ఘాట్ దిగి వచ్చిన ఒక వ్యాన్‌లో ఇన్వర్టర్ లగ్ (వైరు చివరి రాగి కొక్కెం) బోల్టు సగం వదులై, పక్కన వైరు తొడుగు గోధుమ రంగుకు తిరిగి ఉంది. బిగించి, లగ్ మార్చాను, పావుగంట పని. ఇప్పుడు ప్రతి బోల్టు మీదా పెయింటు గీత గీస్తాను. గీత కలవకపోతే బోల్టు కదిలిందని బండి యజమానికే తెలిసిపోతుంది. స్పానరు వాళ్ల బండిలోనే పెట్టి పంపిస్తాను.