ఉపాధ్యాయుల డిజిటల్ పోర్ట్‌ఫోలియో: అపోహలు - వాస్తవాలు

అపోహ: సర్టిఫికెట్లు, పాఠ్య ప్రణాళికలు, ఫోటోలు అన్నీ ఒకచోట అప్‌లోడ్ చేస్తే పోర్ట్‌ఫోలియో అయిపోతుంది.

వాస్తవం: ఉపాధ్యాయ శిక్షణలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే అపోహ ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. 1980ల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యా మనస్తత్వవేత్త లీ షుల్మన్ బృందం ఉపాధ్యాయుల మూల్యాంకనానికి పోర్ట్‌ఫోలియోలను ప్రయోగించి చూసింది. తర్వాత ఆయన ఇచ్చిన నిర్వచనం ప్రకారం, పోర్ట్‌ఫోలియోలో జాగ్రత్తగా ఎంచుకున్న బోధన పనికి విద్యార్థుల పని నమూనాలు ఆధారంగా నిలవాలి. దానిపై ఉపాధ్యాయుడు ఆలోచించి రాసి, తోటివారితో చర్చించినప్పుడే అది పూర్తవుతుంది.

ఒక గణిత ఉపాధ్యాయురాలి పోర్ట్‌ఫోలియోలో చూసిన పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది. 1/2 + 1/3 = 2/5 అని ఉన్న విద్యార్థి నోటుబుక్కు ఫోటో కింద ఆమె ఇలా రాసుకున్నారు: "లవాలను, హారాలను విడివిడిగా కూడాడు. క.సా.గు. పద్ధతి మళ్లీ చెప్పాను గానీ, సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుందని అడగలేదు." మూడు వారాల తర్వాతి ఫోటోలో అదే విద్యార్థి కాగితపు పట్టీలను ఒక్కోదాన్ని ఆరు సమాన భాగాలుగా మడిచి 5/6 రాబట్టాడు. ఆ రెండు ఫోటోల మధ్య జరిగినదే ఆమె వృత్తిపరమైన అభ్యసనం. ఏ సర్టిఫికెట్టూ దాన్ని చూపలేదు.

అపోహ: సాంకేతిక నైపుణ్యం ఉన్నవారికే ఇది సాధ్యం.

వాస్తవం: 2006లో న్యూజిలాండ్‌లో మొదలైన మహారా వంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల) పోర్ట్‌ఫోలియో వేదికలు ఉన్నాయి, కానీ తేదీలవారీగా పెట్టుకున్న ఒక ఫోల్డరు, ఫోన్ కెమెరా, పాఠం గురించి మాట్లాడి రికార్డు చేసుకున్న రెండు నిమిషాల ఆడియో చాలు.

అపోహ: పోర్ట్‌ఫోలియో పై అధికారులకు చూపడానికే.

వాస్తవం: మూల్యాంకనంలో దానికి స్థానం ఉన్నమాట నిజమే. అమెరికాలో 1987లో ఏర్పడిన నేషనల్ బోర్డ్ ఫర్ ప్రొఫెషనల్ టీచింగ్ స్టాండర్డ్స్ అనే సంస్థ, ఉపాధ్యాయుల నైపుణ్యాన్ని ధ్రువీకరించడానికి విద్యార్థుల పని నమూనాలు, తరగతి వీడియో, వాటిపై ఉపాధ్యాయుని వివరణ కోరుతుంది. అయితే నేర్చుకోవడానికి పెట్టుకున్న పోర్ట్‌ఫోలియోకే మార్కులు వేస్తే, విఫలమైన పాఠాలు అందులోంచి మాయమవుతాయి. నేర్చుకోవలసినది ఎక్కువగా ఉండేది ఆ పాఠాల్లోనే. అందుకే తనకూ, నమ్మకమున్న ఒకరిద్దరు సహోద్యోగులకూ మాత్రమే కనిపించే పోర్ట్‌ఫోలియోను వేరుగా ఉంచుకుని, బయటికి చూపదలచినవాటిని అందులోంచి ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: మన తరగతే కాబట్టి పిల్లల ఫోటోలు పెట్టడానికి ఎవరినీ అడగనక్కర్లేదు.

వాస్తవం: తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరిగా తీసుకోవాలి. చాలా సందర్భాల్లో ముఖం అవసరమే ఉండదు. పేరు కనిపించకుండా నోటుబుక్కు పేజీని మాత్రమే ఫోటో తీస్తే సరిపోతుంది.