లిపా ఐదు స్వర్ణాలు: రెండు తెడ్ల నుంచి ఒక తెడ్డుకు

ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ రోయింగ్ (తెడ్లతో పడవ పందేలు) అభిమానుల మధ్య ఒక గొడవ లేస్తుంది. అందరికంటే గొప్ప ఎవరు? బ్రిటన్ స్టీవ్ రెడ్‌గ్రేవా, రొమేనియా ఎలిసబేటా లిపానా? 2024 పారిస్‌లో రొమేనియా మహిళల ఎయిట్ (ఎనిమిది మంది తెడ్లు వేసే పడవ) జట్టు 20 ఏళ్ల తర్వాత స్వర్ణం గెలిచింది. అప్పుడు ఆ దేశ రోయింగ్ సమాఖ్య అధ్యక్షురాలు లిపాయే. దాంతో ఆమె పేరు మళ్లీ నలిగింది, పాత ఆక్షేపణలు కూడా.

రెడ్‌గ్రేవ్ పక్షం మాట సూటిగానే ఉంటుంది: 1984 నుంచి 2000 దాకా వరసగా ఐదు ఒలింపిక్స్‌లో స్వర్ణం. లిపావీ ఐదే, కానీ అందులో మూడు ఎయిట్‌లో మిగతా జట్టుతో పంచుకున్నవి. 1984 నాటిదైతే అప్పటి బలమైన జట్టు తూర్పు జర్మనీ బహిష్కరించిన పోటీల్లో వచ్చింది.

చివరి మాట నిజమే. అయితే 1988లో తూర్పు జర్మనీ ఉంది, అప్పటికి మహిళల పందెం దూరం 1000 మీటర్ల నుంచి 2000కు పెరిగింది. లిపా డబుల్ స్కల్స్‌లో (పడవలో ఇద్దరు, ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు) ఆ జర్మన్ల వెనకే రజతం, నలుగురి స్కల్స్‌లో కాంస్యం తెచ్చుకుంది.

అసలు మలుపు 1992. బార్సిలోనా క్రీడల్లో బన్యోలెస్ సరస్సు మీద సింగిల్ స్కల్స్ ఫైనల్. పడవలో ఒక్క మనిషి, రెండు తెడ్లు. అప్పటి ప్రపంచ చాంపియన్, కెనడా క్రీడాకారిణి సిల్కెన్ లౌమన్ కొన్ని వారాల ముందే కాలు తీవ్రంగా గాయపడినా బరిలోకి దిగి కాంస్యం సాధించింది. ఆ సాహసం గుర్తుండదగినదే. కానీ ఆ పందెం గెలిచింది ఎవరని అడిగితే చాలామంది తడుముకుంటారు. గెలిచింది లిపా. అదే క్రీడల్లో డబుల్ స్కల్స్ రజతం కూడా. రెడ్‌గ్రేవ్ ఐదు స్వర్ణాల్లో ఒంటరిగా గెలిచింది ఒక్కటీ లేదని ఈ వాదనలో ఎవరూ ఎత్తరు.

ఆ శిఖరం మీద ఉండగా ఆమె పద్ధతే మార్చేసింది. స్కల్స్‌లో రెండు చేతులకూ చెరో తెడ్డు, ఒంటి బరువు మధ్యలో నిలుస్తుంది. ఎయిట్‌లో మనిషికి ఒక్కటే పొడవాటి తెడ్డు. ప్రతి లాగుడుకూ నడుం ఒకవైపు తిరగాలి, తెడ్డు మిగతా ఏడుగురితో ఒకే క్షణంలో నీళ్లలో పడాలి. ఏళ్లతరబడి ఒంట్లో ఇంకిన అలవాటును 30 దాటాక తిరగరాసుకోవడం మామూలు సంగతి కాదు. 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్, మూడుసార్లూ ఎయిట్‌లో స్వర్ణమే. చివరిదానికి ఆమె వయసు 39. ఆరు ఒలింపిక్స్, ఎనిమిది పతకాలు; రోయింగ్‌లో ఇన్ని ఇంకెవరికీ లేవు.

2009లో సమాఖ్య పగ్గాలు పట్టాక 2012 లండన్‌లో రొమేనియా రోయింగ్‌కు ఒక్క పతకమూ రాలేదు. ఆ విమర్శ ఆమెకు తప్పలేదు. పారిస్‌లో మాత్రం ఐదు పతకాలొచ్చాయి. అక్కడ ఆంకుట్సా బోద్నార్, సిమోనా రాదిష్ జోడీ డబుల్ స్కల్స్‌లో రజతం గెలిచి, రోజుల వ్యవధిలోనే ఎయిట్‌లోనూ కూర్చుని స్వర్ణం పట్టారు.