తప్పు స్వరం, ఒప్పు తాళం: సంగీతంతో నవ్వించేవాళ్ళ గురించి అపోహలు, వాస్తవాలు

కీబోర్డు ముందు కూర్చుని స్టేజీ మీద నవ్వించే పని 16 ఏళ్ళుగా చేస్తున్నాను. ప్రోగ్రాం అయ్యాక దగ్గరికొచ్చి మెచ్చుకునేవాళ్ళలో చాలామంది చివర్లో ఒక మాట అడుగుతారు: "ఇంతకీ మీకు సంగీతం నిజంగా వచ్చా?" వాళ్ళ తప్పేమీ లేదు. అక్కడ మేం చూపించేదే రానట్టు. కానీ ఆ ప్రశ్న వెనకాల ఉన్న నమ్మకాలు కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల్ని దారి తప్పిస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సంగీతంలో రాణించలేనివాళ్ళే ఇటు వస్తారు. తప్పుగా వాయించడానికి సాధన ఎందుకు?

వాస్తవం: ఈ రంగంలో అందరం తలుచుకునే పేరు విక్టర్ బోర్గె. 1909లో కోపెన్‌హేగన్‌లో పుట్టాడు. తండ్రి రాయల్ డానిష్ ఆర్కెస్ట్రాలో వాద్యకారుడు, తల్లి పియానో వాయించేది. ఎనిమిదేళ్ళకే కచేరీ చేశాడు. 1918లో రాయల్ డానిష్ సంగీత అకాడమీలో స్కాలర్‌షిప్‌తో చేరాడు. నవ్వించడం మొదలుపెట్టేనాటికే అతను కచేరీలు చేస్తున్న పియానిస్టు. అమెరికన్ రేడియోలో, టీవీలో కీచుమనే వయొలిన్‌తో దశాబ్దాల పాటు నవ్వించిన జాక్ బెన్నీ సంగతీ అంతే. పేరున్న ఆర్కెస్ట్రాల పక్కన నిలబడి వాయించి, వాటి కోసం విరాళాలు పోగుచేసిన మనిషి ఆయన.

తప్పు స్వరానికి నవ్వు రావాలంటే దాని చుట్టూ ఉన్నవన్నీ ఒప్పుగా ఉండాలి. నా దగ్గర చిన్న ఐటెం ఒకటుంది. జోలపాట లాంటి వరస, చిన్నపిల్లలు కూడా పట్టుకోగలిగేది. రెండుసార్లు శుభ్రంగా వాయిస్తాను. మూడోసారికి జనం మనసులో నాకంటే ముందే పాడేసుకుంటూ ఉంటారు. ఆఖరి 'స' దగ్గర వేలు ఆ మెట్టు మీద కాకుండా పక్కనున్న నల్ల మెట్టు మీద పడుతుంది. హాలంతా నవ్వుతుంది. మొదట్లో నేను ఇంకా దూరం వెళ్ళేవాణ్ణి, ఎక్కువ తప్పితే ఎక్కువ నవ్వుతారని. ఒక్కళ్ళూ నవ్వలేదు. అంత దూరంలో పడితే చెవికి అది తప్పులా అనిపించదు, వరస అటు తిరిగిందేమో అనిపిస్తుంది. పక్క మెట్టు మీద పడితేనే జారిందని తెలుస్తుంది.

ఇక తాళం మాత్రం వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఆ తప్పు స్వరం సరిగ్గా ఒప్పు స్వరం పడాల్సిన క్షణంలోనే పడాలి. స్వరమూ తప్పి, తాళమూ తప్పితే చూసేవాళ్ళకు జాలేస్తుంది. జాలి కలిగిన చోట నవ్వు పుట్టదు. పడిన వెంటనే వేలి వైపు చూడకుండా ఒక్క క్షణం ఆగి, అప్పుడు చూడాలి. ఈ ఒక్క ఐటెం కుదరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒప్పుగా వాయించడం మాత్రం ఒక్క పూటలో వచ్చింది.

అపోహ: అంతా అప్పటికప్పుడు పుట్టే సరదా.

వాస్తవం: బోర్గె ఒక్కడే చేసిన ప్రదర్శన న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో 1953 అక్టోబరు నుంచి 1956 జనవరి దాకా 849 సార్లు నడిచింది. వాయిస్తూ వాయిస్తూ స్టూలు మీంచి కిందపడటం, లేచి స్టూలు కింద నుంచి సీటు బెల్టు లాగి పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టడం అతనికి అలవాటైన ఐటెం. నోట్స్ కాగితం తలకిందులుగా పెట్టి, అందులో ఉన్నది ఉన్నట్టే గంభీరంగా వాయించడం ఇంకొకటి. ఏళ్ళ తరబడి చేసినా ప్రతిసారీ అది ఇప్పుడే జరిగిన పొరపాటులా ఉండాలి. అప్పటికప్పుడు మారేది విరామం మాత్రమే. ఈ రాత్రి జనం ఎంతసేపటికి అందుకుంటున్నారు అన్నది చూసుకుని, మౌనం ఎంత పొడుగు ఉండాలో అక్కడే నిర్ణయించుకుంటాం.

అపోహ: పేరడీ అంటే పాటలో మాటలు మార్చేయడమే.

వాస్తవం: ఇది తెలుగులో రాసేవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వు తెప్పించే మాటేమో చాలాసార్లు నామవాచకం, వాక్యం మధ్యలో ఇరుక్కుంటుంది. "గోడ మీద బల్లి రాగం తీస్తోంది" అని పాడితే 'బల్లి' దగ్గర నవ్వు మొదలవుతుంది, ఇంకా రెండు మాటలు మిగిలే ఉంటాయి. అవి ఆ నవ్వును తొక్కేస్తాయి. "రాగం తీస్తున్నది ఎవరనుకున్నారు, గోడ మీద బల్లి" అని తిప్పితే పాదం, నవ్వు ఒకేచోట ముగుస్తాయి. నేను రాసుకున్న పాదాల్లో మూడొంతులు ఇలా తిప్పి రాసినవే.

రెండోది గురు లఘువులు. అసలు పాటలో దీర్ఘం ఉన్నచోట మీరు హ్రస్వం పెడితే పాడేటప్పుడు దాన్ని సాగదీయాల్సి వస్తుంది. సాగదీస్తే మాట రూపం మారిపోతుంది. వెనక వరసలో వాళ్ళకు మాట అందకపోతే నవ్వూ అందదు. కాగితం మీద చదివితే నవ్వొచ్చిన పాదం స్టేజీ మీద చప్పబడిందంటే నేను మొదట చూసేది ఇదే.

అసలు మాటే అక్కర్లేకుండా నవ్వించినవాళ్ళూ ఉన్నారు. 1781లో ఆస్ట్రియా స్వరకర్త హైడెన్ రాసిన ఒక చతుష్టయానికి 'జోక్' అనే పేరు స్థిరపడిపోయింది. నాలుగు తీగవాద్యాలే, పాడేవాళ్ళెవరూ లేరు. ఆఖరి భాగంలో పాట అయిపోయినట్టు ఆగుతుంది. చప్పట్లు కొట్టబోతే మళ్ళీ మొదలవుతుంది. చివరికి ఒక పెద్ద మౌనం తర్వాత మొదటి పాదాన్నే ఎత్తుకుని, అక్కడే వదిలేస్తుంది. 1787లో మొజార్ట్ కూడా చేతకాని స్వరకర్త రాసినట్టుండే ఒక రచన కావాలనే చేశాడు. సంగీతాన్ని నవ్వులాటకు వాడితే దాన్ని కించపరిచినట్టు అనేవాళ్ళకు నేను ఈ రెండూ వినమని చెబుతాను.

అపోహ: నవ్వు పూర్తిగా ఆగాకే తర్వాతి పాదం ఎత్తుకోవాలి.

వాస్తవం: అలా ఆగితే హాలు చల్లబడిపోతుంది. నవ్వు ఎగిసి, దిగడం మొదలుపెట్టి, సగం దాటాక ఎత్తుకోవాలి. మాటలతో నవ్వించేవాళ్ళు ఎక్కడైనా ఆగొచ్చు, మాకు కింద తాళం నడుస్తూనే ఉంటుంది. అందుకే ప్రతి నవ్వు దగ్గరా ఎడమచేతికి రెండు ఆవర్తాల తిరుగుడు ఒకటి పెట్టుకుంటాం. నవ్వు చిన్నదైతే ఒక్కసారి తిప్పి వెళ్ళిపోతాం, పెద్దదైతే నాలుగుసార్లు తిప్పుతాం. వినేవాళ్ళకు అది పాటలో భాగమే అనిపించాలి.

అపోహ: ఇంత టైమింగ్ ఉన్నవాళ్ళకు సినిమా నటన నల్లేరు మీద బండి నడక.

వాస్తవం: స్టేజీ మీద నాకు టైమింగ్ చెప్పేది జనం నవ్వు. సెట్‌లో యాక్షన్ నుంచి కట్ దాకా ఎవరూ నవ్వకూడదు. రాని నవ్వుకు చోటు వదలాలి, వదిలిన చోటు ఎడిటింగ్‌లో ఉంటుందో పోతుందో మన చేతిలో లేదు. నేను ఒక సినిమాలో పియానో వాయించే చిన్న వేషం వేశాను. దూరం షాట్‌లో తాళంలో నాలుగో మాత్ర దగ్గర తల తిప్పాను, క్లోజప్‌లో ఐదో మాత్ర దగ్గర తిప్పాను. రెండూ అతకలేదు, మొత్తం మళ్ళీ తీశారు. అంతమంది నిలబడి ఎదురుచూస్తుంటే వచ్చే టెన్షన్ స్టేజీ మీద నాకెప్పుడూ తెలియదు. నటన వేరే విద్య అని ఆ రోజు ఒళ్ళంతా అర్థమైంది.

రెండూ సాధించినవాడు ఇంగ్లండ్‌కు చెందిన డడ్లీ మూర్. ఆక్స్‌ఫర్డ్‌లో మాగ్డలెన్ కాలేజీకి ఆర్గన్ అనే వాద్యం వాయించేవాళ్ళకిచ్చే స్కాలర్‌షిప్ మీద వెళ్ళాడు. 1960లో ఎడిన్‌బరో ఉత్సవంలో ముగ్గురు మిత్రులతో కలిసి చేసిన ప్రదర్శనతో పేరొచ్చింది. బేథోవెన్ ధోరణిలో మొదలుపెట్టిన సొనాటా అనే పియానో రచనను ముగించలేక ముగింపు మీద ముగింపు వాయిస్తూ పోయే ఐటెం అతనిది. హైడెన్ చేసిన పనికి అది సరిగ్గా తిరగేసిన రూపం. తర్వాత హాలీవుడ్‌కు వెళ్ళి, 1981లో వచ్చిన సినిమాకు ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ అందుకున్నాడు. మెదడుకు సంబంధించిన అరుదైన జబ్బు వచ్చిందని 1999లో బయటపెట్టాడు. ఆ జబ్బు ముందుగా తీసుకుపోయిన వాటిలో పియానో ఒకటి. 2002లో, 66 ఏళ్ళకు పోయాడు. ఆయన గురించి ఎప్పుడు చదివినా నా చేతుల వైపు ఒకసారి చూసుకుంటాను.

అపోహ: పుట్టిపెరిగిన భాషలో తప్ప నవ్వించలేం.

వాస్తవం: బోర్గె యూదుడు, పైగా స్టేజీ మీద నాజీల మీద జోకులు వేసేవాడు. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించేనాటికి అతను స్వీడన్‌లో కచేరీలో ఉన్నాడు. ఫిన్లండ్ చేరి, పెట్సామో రేవులో ఓడ ఎక్కి అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో దిగాడు. జేబులో 20 డాలర్లు, నోట్లో ఇంగ్లీషు ముక్క లేదు. సినిమాలు చూస్తూ భాష నేర్చుకున్నాడు, ఏడాది దాటేసరికల్లా గాయకుడు బింగ్ క్రాస్బీ రేడియో ప్రోగ్రాంలో నవ్విస్తున్నాడు. అతనికి బాగా పేరు తెచ్చిన ఐటెంలలో ఒకటి, ప్రతి కామాకు, ఫుల్‌స్టాప్‌కు నోటితో ఒక శబ్దం చేస్తూ కథ చదవడం. పరాయి భాషను కొత్త చెవితో విన్నవాడికి తట్టే ఆలోచన అది. అదే చెవి ఉంటే మన యాసలూ, సంధులూ ఎంత సరుకో ఊహించుకోండి. 2000 డిసెంబరులో, 91 ఏళ్ళకు పోయేదాకా కచేరీలు చేస్తూనే ఉన్నాడు.

అపోహ: స్టూలు మీంచి పడటానికి కూడా నేర్పాలా?

వాస్తవం: నేర్పాలి. పడుతుంటే చెయ్యి దానంతటదే నేలకు ఆనబోతుంది. మణికట్టు బెణికితే నెలల తరబడి కీబోర్డు ముట్టుకోలేం. అందుకని నా దగ్గర నేర్చుకునేవాళ్ళను మొదటి వారం రోజులూ కీబోర్డు దగ్గరికే రానివ్వను. పరుపు వేసి, దాని పక్కన పొట్టి స్టూలు వేసి, రెండు చేతులూ గుండెలకు హత్తుకుని పక్కకు ఒరగమంటాను. ముందు తొడ, తర్వాత తుంటి, ఆ తర్వాత భుజం నేలకు తగలాలి. చెయ్యి నేలకు ఆనకుండా వరసగా పదిసార్లు పడగలిగినవాళ్ళకే పరుపు తీసేస్తాను.