మాట ముద్దగా వచ్చినప్పుడు

పక్షవాతం వచ్చినాయన్ను చూడబోయాం. ఆయన ఏదో అన్నారు, మనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన భార్య మాత్రం "ఫ్యాన్ తగ్గించమంటున్నారు" అంటూ లేచింది. ఇద్దరి చెవుల్లోనూ పడింది ఒకే శబ్దం. ఆమెకది మాటయింది, మనకు కాలేదు.

నాలుక, పెదవులు, గొంతు, ఊపిరి, వీటిని నడిపే నరాలో మెదడు భాగాలో దెబ్బతింటే వచ్చే ఈ ఇబ్బందిని డిసార్థ్రియా అంటారు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బులో గొంతు సన్నగిల్లుతుంది, మాటలో ఎత్తుపల్లాలు పోతాయి. చిన్నమెదడు దెబ్బతింటే మాట తూలుతుంది. 1969లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డార్లీ, ఆరన్‌సన్, బ్రౌన్ 212 మంది రోగుల మాటలు విని, 38 లక్షణాల ప్రకారం రకాలుగా విడదీశారు. వాళ్ల కొలబద్ద చెవే.

ఆ చెవి అక్షరం తర్వాత అక్షరం ఏరుకుంటూ పోదు. సగం విని సగం ఊహిస్తుంది. 1970లో రిచర్డ్ వారెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వాక్యంలో ఒక ధ్వని తీసేసి అక్కడ దగ్గు పెట్టాడు. విన్నవాళ్లకు మాట పూర్తిగానే వినిపించింది! అయితే ఆ ఊహకు ఆధారాలు కావాలి. తెలుగులో 'కలం', 'కాలం' తేడా దీర్ఘంలోనే ఉంది. ఎంత సాగితే దీర్ఘమో పక్క అక్షరాలతో పోల్చుకునే తేల్చుకుంటాం. డిసార్థ్రియాలో అన్నీ ఒకేలా సాగిపోతే ఆ పోలికే పోతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే విషయం, వినడం నేర్చుకోవచ్చన్నది. రాసి ఉన్న వాక్యాలు చూస్తూ ఇలా ముద్దగా వచ్చే మాటలు కాసేపు విన్నవాళ్లకు, ఆ తర్వాత కొత్త వాక్యాలు కూడా ఎక్కువగా అర్థమయ్యాయని ప్రయోగాల్లో తేలింది. నరాల జబ్బుతో మాట ముద్దయిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్, 1985లో గొంతుకు ఆపరేషన్ జరిగి మాట పూర్తిగా పోకముందు, కొన్నేళ్లపాటు దగ్గరివాళ్లకే అర్థమయ్యేలా మాట్లాడేవాడు. వాళ్లు విని ఇతరులకు చెప్పేవారు.

మాట తడబడితే తెలివీ తగ్గిందనుకుని, మాట్లాడే ఆయన్ను వదిలి పక్కవాళ్లను అడుగుతాం. చాలా అన్యాయం అది. అర్థం కాకుండానే "ఆఁ ఆఁ" అనడమూ అంతే. ముందు టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చోవాలి. ఏ విషయమో మొదట తెలిస్తే ఊహకు దారి దొరుకుతుంది. అక్షరాల అట్ట మీద ప్రతి మాటకూ మొదటి అక్షరం ఆయన వేలితో చూపిస్తే ఇంకా తేలిక. అప్పటికీ అందకపోతే మొత్తం మళ్లీ చెప్పించక్కర్లేదు. "రేపు ఎవరో వస్తారన్నారు, ఎవరండీ?" అని ఆ ఒక్క ముక్కే అడిగితే చాలు.