ఆ బూస్టర్ వెనక్కి పంపించెయ్యమనండి

పాపా, చిన్నోడా,

తిరుపతి నుంచి తాత రాస్తున్నాను. మీరు పంపిన ఫోటో చూశాను. హాల్లో కిటికీ అద్దానికి అప్పడంలాంటి నల్ల రేకు అంటించి, "తాతా, ఇది యాంటెన్నా అంట, పదకొండు ఛానల్స్ వస్తున్నాయి, సాయంత్రమైతే బొమ్మ ముక్కలు ముక్కలైపోతుంది, 8వ ఛానల్ అయితే అసలు రాదు, నాన్న బూస్టర్ ఆర్డర్ పెట్టాడు" అని పాప వాయిస్ మెసేజ్ పెట్టింది కదా. ఫోన్లో చెబుదామంటే మీరు లేచేసరికి నాకు నిద్రొస్తుంది, పైగా ఇది ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు. అందుకే ఉత్తరం. తెలుగు చదవడం కష్టమైన చోట అమ్మను అడగండి.

ముందుగా, ఆ బూస్టర్ డబ్బా విప్పకుండా వెనక్కి పంపించెయ్యమనండి మీ నాయన్ని. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, ఒకప్పుడు అదే తప్పు చేసి సిగ్గుపడ్డవాణ్ణి.

మీ నాయన పుట్టకముందు నేను గాంధీ రోడ్డులో ఒక రేడియో, టీవీ రిపేరు షాపులో పనిచేసేవాణ్ణి. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. ఇక్కణ్ణుంచి మద్రాసు గీత గీసినట్టు పోతే 110 కిలోమీటర్లు ఉంటుంది. భూమి గుండ్రం కాబట్టి అంత దూరాన ఉన్న టవరు మనకు చూపులో ఉండదు, దాని తరంగాల్లో కొసరు మాత్రం కొద్దిగా వంగి, కొద్దిగా చెదిరి మన దాకా వస్తుంది. ఆ కొసరు కోసమే మిద్దెల మీద ముప్పై అడుగుల జీఐ పైపు నిలబెట్టి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టి, పైన ఏరియల్ బిగించేవాళ్ళం. వచ్చేదేమో తమిళ ప్రోగ్రాములు. మన జిల్లాలో తమిళం అర్థం కానివాళ్ళు ఎవరున్నార్లే, అందరం చూసేవాళ్ళం.

కొర్లగుంటలో ఒకాయన ఇంట్లో బొమ్మ పోయి తెరనిండా చుక్కలే కనిపిస్తున్నాయంటే నేను వెళ్ళి చూసి, పైకి ఎక్కడానికి బద్ధకమై, బూస్టర్ అమ్మేశాను. పెట్టాక ఏమైందో తెలుసా, చుక్కలు ఇంకా బాగా కనిపించాయి! వారం తర్వాత ఆయన పిలిస్తే మిద్దె ఎక్కాను. ఏరియల్ దగ్గర వైరు అతుకులోకి వాననీళ్ళు దిగి రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. తెగ్గోసి, గీకి, కొత్తగా చుట్టి టేపు వేస్తే బూస్టర్ లేకుండానే బొమ్మ వచ్చింది. నీళ్ళ మజ్జిగ ఎంతసేపు చిలికినా వెన్న పడదు కదా, ఇదీ అంతే. బూస్టర్ సిగ్నల్‌ని పెంచుతుంది, దాంతోపాటు ఉన్న చెత్తనీ పెంచుతుంది, తన వంతు చెత్త కొంచెం కలుపుతుంది కూడా. యాంటెన్నాకే అందనిది అది పుట్టించలేదు.

సరే, మీ 8వ ఛానల్ ఎందుకు రాదో చూద్దాం. ఇది లెక్క, కానీ మీకు వచ్చిన భాగహారమే. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒక్కో ఛానల్ తరంగానికి ఒక్కో పొడవు ఉంటుంది, ఆ పొడవులో సగం ఉన్న కడ్డీ దాన్ని బాగా పట్టుకుంటుంది. 143ని ఆ ఛానల్ మెగాహెర్ట్జ్‌తో, అంటే తరంగం సెకనుకు ఎన్ని పది లక్షలసార్లు ఊగుతుందో ఆ అంకెతో, భాగిస్తే ఆ కడ్డీ ఎన్ని మీటర్లు ఉండాలో సుమారుగా వచ్చేస్తుంది. మద్రాసు స్టేషన్ రోజుల్లో ఛానల్ 62 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండేది కాబట్టి మా ఏరియల్ కడ్డీలు రెండు మీటర్ల పైనే ఉండేవి, కాకులు వరసగా కూర్చునేవి. మీ అమెరికాలో ఎక్కువ ఛానల్స్ యూహెచ్ఎఫ్‌లో, అంటే 470 నుంచి 608 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్నాయి. 500తో భాగించి చూడండి, 29 సెంటీమీటర్లు కూడా రాదు. మీ అప్పడం యాంటెన్నాకి అవి సులువుగానే దొరుకుతాయి. డల్లాస్‌లో 8వ నంబరు ఏబీసీ స్టేషన్ మాత్రం ఇంకా వీహెచ్ఎఫ్‌లోనే, అంటే అంతకంటే తక్కువ మెగాహెర్ట్జ్‌ల్లోనే ఉంది, 180 నుంచి 186 మెగాహెర్ట్జ్. 143ని 183తో భాగిస్తే 78 సెంటీమీటర్లు. అంత పొడవు కడ్డీ కావాల్సిన తరంగం ఆ రేకు ముక్కకి ఎట్లా అందుతుంది? అందుకే రాదు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, అక్కడ టీవీ తెర మీద కనిపించే నంబరూ అసలు ఛానల్ నంబరూ ఒకటే అవ్వాలని లేదు, ఈ 8కి మాత్రం రెండూ ఒకటే.

ఇక దిక్కు. మిద్దె మీద నిచ్చెనలా కనిపించే ఏరియల్‌ని 1926లో జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు కనిపెట్టారు. ఒక కడ్డీకి మాత్రమే వైరు తగిలిస్తారు. దాని వెనక కొంచెం పొడవు కడ్డీ ఒకటి, అది రిఫ్లెక్టర్. ముందు కొంచెం పొట్టి కడ్డీలు వరసగా, అవి డైరెక్టర్లు. వాటికి వైరు లేదు, ఏమీ లేదు, అయినా తరంగాన్ని పట్టి మధ్య కడ్డీకి అందిస్తాయి, అంత సులువైన తెలివి నాకు ఇంకెక్కడా కనపడలేదు. పొట్టి కడ్డీల వైపు స్టేషన్‌కి చూడాలి. మీ ఊరు ఫ్రిస్కోకి డల్లాస్ స్టేషన్లలో చాలావాటి టవర్లు సీడార్ హిల్ దగ్గర ఉన్నాయి, మీకు దక్షిణంగా, పిసరంత పడమరకి, దాదాపు 40 మైళ్ళు. మరి ఫోటోలో మీ కిటికీ ఎటుంది? పెరటి వైపు, అంటే ఉత్తరం! మీ నాయన ఇల్లు కొన్నప్పుడు తూర్పు ముఖమా కాదా అని నన్ను పదిసార్లు అడిగాడు, యాంటెన్నాకి మాత్రం దిక్కు చూడలేదు. అదీగాక వేడి ఆపడానికి ఈ కాలపు కిటికీ అద్దాలకి కంటికి కనపడనంత పల్చగా లోహపు పూత వేస్తారు. దాని మీద యాంటెన్నా అంటించడమంటే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని వినడమే.

కొండ ఎదురైతే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి బాగా తెలుసు. మద్రాసు నుంచి వచ్చిన తరంగం నేరుగా ఏరియల్‌కి తగిలి, ఇంకొంత ముందుకుపోయి శేషాచలం కొండకి కొట్టుకుని వెనక్కొచ్చి మళ్ళీ తగిలేది. అప్పుడు తెర మీద మనిషి పక్కన ఇంకో మసక మనిషి. దాన్ని దెయ్యం బొమ్మ అనేవాళ్ళం. ఇరవై అంగుళాల టీవీలో ఆ రెండో మనిషి ఒక సెంటీమీటరు జరిగి ఉంటే తరంగం సుమారు 390 మీటర్లు ఎక్కువ తిరిగొచ్చిందని లెక్క, పోను రాను కాబట్టి కొండ అందులో సగం దూరం. ఐదు సెంటీమీటర్లు జరిగితే కొండ కిలోమీటరు దూరం ఉన్నట్టు. కపిలతీర్థం వైపు ఇళ్ళల్లో దెయ్యం మనిషికి అంటుకునే ఉండేది. నేను స్కేలు పెట్టి కొలిచి "మీకు కొండ ఇంత దూరం" అని చెబితే వాళ్ళు నన్ను జ్యోతిష్కుడిలా చూసేవాళ్ళు! కొండకి వీపు పెట్టినట్టు ఏరియల్ తిప్పితే తగ్గేది, మర్నాడు కోతులొచ్చి పైపు పట్టుకుని ఊగి మళ్ళీ మొదటికి తెచ్చేవి.

మీకు దెయ్యాలు కనపడవు, ఎందుకంటే అక్కడ 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కి మారిపోయాయి. డిజిటల్‌తో తంటా ఏమిటంటే, మా రోజుల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ నెమ్మదిగా పాడయ్యేది, అది చూసే ఏరియల్ ఎటు తిప్పాలో తెలిసేది. మీకు కొంతవరకు బొమ్మ అద్దంలా ఉండి, ఒక మెట్టు తగ్గగానే ముక్కలై, ఇంకో మెట్టుకి ఏమీ ఉండదు. మీరు ఆ అంచు మీదే ఉన్నారు. సాయంత్రమైతే ఇంట్లో అందరూ అటూఇటూ తిరుగుతారు, లైట్లన్నీ వెలుగుతాయి, చవకరకం ఎల్ఈడీ లైట్లు రేడియో చెత్త పుట్టిస్తాయి, దాంతో అంచు దాటి కిందికి పడుతుంది. ఒక్కో లైటు ఆర్పి చూడండి, దొంగ దొరకొచ్చు. యాంటెన్నా తిప్పేటప్పుడు కూడా తొందర పనికిరాదు. కొంచెం జరిపి పది సెకన్లు ఆగండి, టీవీ మెనూలో సిగ్నల్ మీటరు ఉంటుంది, బొమ్మని కాకుండా దాన్ని చూడండి. చోటు మార్చిన ప్రతిసారీ ఛానల్స్ మళ్ళీ స్కాన్ చెయ్యాలి, లేకపోతే కొత్తగా అందినవి లిస్టులోకి రావు.

ఇప్పుడు మీ నాయనకి పని. యాంటెన్నాని అటక మీద పెడతానంటాడు, ముందు టార్చి వేసి పైకప్పు లోపలి వైపు చూడమనండి. టెక్సాస్ ఇళ్ళల్లో ఎండ తగలకుండా అక్కడ వెండి రేకు వేయడం మామూలు, ఆ రేకు ఉంటే అటక దండగ. యూహెచ్ఎఫ్, వీహెచ్ఎఫ్ రెండూ పట్టే బయటి యాంటెన్నా కొని, ఇంటికి దక్షిణం వైపు కప్పు కంటే ఎత్తులో బిగించడమే మంచిది. కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరని భయపడక్కర్లేదు, సొంత ఇంటి మీద టీవీ యాంటెన్నా పెట్టుకోకూడదనే నిబంధనలు చెల్లవని రేడియో, టీవీ సంగతులు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 1996లోనే రూలు పెట్టింది. అదే ఎఫ్‌సీసీ సైటులో మీ అడ్రసు కొడితే ఏ స్టేషన్ ఏ దిక్కు నుంచి ఎంత బలంగా వస్తుందో మ్యాప్ వస్తుంది, కొనే ముందు అది చూసుకోమనండి. యాభై అడుగుల కేబుల్‌లో యూహెచ్ఎఫ్ సిగ్నల్ సగానికి దగ్గరగా పోతుంది, రెండు టీవీలకి కేబుల్ పంచే స్ప్లిటర్ పెడితే ఇంకో సగం. అట్లా పోయేదాన్ని ముందే సర్దడానికి బూస్టర్ పనికొస్తుంది, అదీ యాంటెన్నా పక్కనే పైన పెడితే. టీవీ వెనక పెట్టేది కాదు. నిచ్చెన మీ నాయన ఒక్కడే ఎక్కాలి, మీరు కింద. కరెంటు తీగలకి దూరంగా, ఎర్తు వైరు తప్పకుండా. ఆ పైపుకి ఎర్తు లేక పిడుగుకి కాలిపోయిన టీవీలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి.

ఇక్కడ మన మిద్దె మీద ఏరియల్ ఇప్పుడు లేదు. 2022 మార్చికల్లా దూరదర్శన్ పాత అనలాగ్ టవర్లు దాదాపు అన్నీ ఆపేశారు. అదే జీఐ పైపుకి ఇప్పుడు దూరదర్శన్ వాళ్ళు ఉపగ్రహం నుంచి ఉచితంగా ఇచ్చే ఫ్రీ డిష్ గొడుగు బిగించాను, అవ్వ నెలకి పైసా కట్టకుండా చూస్తోంది. తమాషా ఏమిటంటే ఆ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది కాబట్టి తిరుపతి నుంచి చూస్తే అదీ ఆగ్నేయమే, కాకపోతే ఆకాశంలో 67 డిగ్రీల ఎత్తున. పాత మద్రాసు దిక్కుకే పైపు తిరిగి ఉంది, నేను పెద్దగా తిప్పే పని పడలేదు.

మీ ఇద్దరికీ పని. నాయన బయటి యాంటెన్నా కొనేలోపు ఈ 8వ ఛానల్‌ని మీరే పట్టండి. టీవీ కేబుల్ ముక్క కొస ఒలిస్తే మధ్యలో ఒక తీగ, చుట్టూ జల్లెడలాంటి తీగ ఉంటాయి, ఒలిచే పని అమ్మ చేస్తుంది. ఒక్కోదానికి 39 సెంటీమీటర్ల మామూలు వైరు చుట్టండి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తర్వాత ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి చాపి గోడకి టేపుతో అంటించండి, కొసలు స్టేషన్ వైపు ఉంటే అది చెవిటిది, వెడల్పు వైపే దక్షిణానికి ఉండాలి. ఇంకో కొస టీవీకి. ఆ తర్వాత స్కాన్ చేసి మీటరు ఎంత చూపిస్తుందో నాకు ఫోటో పెట్టండి. అమ్మ దగ్గరున్న టేపు అంగుళాలదైతే 39కి బదులు పదిహేనున్నర.

మీ తాత